మొదటి పేజీ వచ్చేలోపు

పాత కలర్ ప్రింటరు మూలపడిన రోజున మా ఆఫీసులో ఎవరూ పెద్దగా విచారించలేదు. అంతకు ముందు ఆరు నెలలుగా అది ప్రతి పేజీకీ కుడి అంచున ఒక ఊదారంగు గీతను అడగకుండానే ఇస్తూ వచ్చింది. చివరికి కాగితాలు ముడతలు పడి, కాలిన వాసనతో బయటికి రావడం మొదలైంది. సర్వీసు ఇంజనీరు వచ్చి మూత తెరిచారు, లోపలికి తొంగి చూశారు, ఏమీ ముట్టుకోకుండానే మూత వేసేశారు. "ఫ్యూజరూ పోయింది, బెల్టూ పోయింది. ఇవి రెండూ వేయించడం కన్నా కొత్తది తెచ్చుకోవడమే మేలండీ" అన్నారు. ఫ్యూజరు అంటే రంగు పొడిని వేడితో కాగితానికి అంటించే భాగం.

మా మేనేజరు నా వైపు చూశారు. ఎవరి కీబోర్డు మొరాయించినా నన్నే పిలవడం మా ఆఫీసులో అలవాటు. అలాంటప్పుడు ప్రింటరు ఎంపిక ఇంకెవరి నెత్తిన పడుతుంది? "ఒక మూడు చూడండి, అందులో ఒకటి చెప్పండి. నెలన్నర చాలు కదా" అన్నారు. చాలదని తర్వాత తెలిసింది. 18 మంది వాడుకునే యంత్రం అంటే 18 రకాల ఓపిక, 18 రకాల ఫైళ్లు.

మొదటి మూడు రోజులు కంపెనీల కాగితాలు చదవడంతోనే సరిపోయింది. నిమిషానికి ఎన్ని పేజీలు, ఎన్ని డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు), ట్రేలో ఎన్ని కాగితాలు పడతాయి, నెలకు గరిష్ఠంగా ఎన్ని తీయవచ్చు అని ఒక పెద్ద పట్టిక వేశాను. పట్టిక చూడముచ్చటగా వచ్చింది కానీ దానితో ఏ నిర్ణయమూ తీసుకోలేకపోయాను. అన్నీ ఒకే తల్లి పిల్లల్లా ఉన్నాయి. అన్నిటిదీ 600 లేదా 1200 డీపీఐ, అన్నిటికీ 250 కాగితాల ట్రే, అన్నీ రెండువైపులా వాటంతట అవే ప్రింటు తీస్తాయి. నెలవారీ గరిష్ఠ సామర్థ్యం అన్న అంకె మరీ వింతది. అది యంత్రం కుప్పకూలకుండా ఒక్క నెలలో తట్టుకోగల బరువు మాత్రమే. నెలనెలా తీయదగిన పేజీల సంఖ్య వేరే వరుసలో, దానికన్నా ఎన్నో రెట్లు చిన్నదిగా ఉంటుంది. కొనేవాళ్లు చూడాల్సింది ఆ రెండోదాన్ని.

నాలుగో రోజు సాయంత్రం, కళ్లు లాగుతుండగా, పేజీ అడుగున చీమతలంత అక్షరాల్లో ఉన్న వివరణలు చదివాను. వేగానికి పక్కన ఒక చిన్న అంకె, దానికి కింద వివరణ: ఐఎస్ఓ/ఐఈసీ 24734 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కొలిచాం, పరీక్షా పత్రాల మొదటి సెట్టును లెక్కలోంచి మినహాయించాం అని. టోనరు, అంటే ప్రింటుకు వాడే రంగు పొడి, ఎన్ని పేజీలకు వస్తుందో చెప్పే అంకెకు కూడా అలాంటిదే: ఐఎస్ఓ/ఐఈసీ 19798 ప్రకారం, ఆపకుండా వరుసగా ప్రింటు తీస్తే వచ్చే సంఖ్య అని. ఇందులో మోసం ఏమీ లేదు. అన్ని కంపెనీలూ ఒకే కొలబద్దతో కొలిస్తేనే పోల్చుకోవడం కుదురుతుంది. అయితే ఆ కొలబద్ద పరుగు అందుకున్న యంత్రాన్ని కొలుస్తోంది. మా ఆఫీసులో యంత్రం పరుగెత్తుతుందా, లేక రోజంతా లేచి కూర్చుంటూ ఉంటుందా?

అది తెలుసుకోవడానికి కంపెనీలను అడగనక్కరలేదు. మా ప్రింట్ సర్వరులో గత నెల జాబితా అంతా ఉంది: ఎవరు, ఎప్పుడు, ఎన్ని పేజీలు. ఒక మధ్యాహ్నం కూర్చుని దాన్ని పేజీల సంఖ్య ప్రకారం సర్దాను. సర్దగానే నా పట్టిక విలువ తేలిపోయింది. అత్యధిక భాగం ఒకటి నుంచి మూడు పేజీల పనులే. పది పేజీలు దాటినవి రోజుకు రెండో మూడో. వంద పేజీల పని నెల మొత్తం మీద నాలుగు సార్లు. పైగా ఒక పనికీ ఇంకో పనికీ మధ్య పావుగంట, ఇరవై నిమిషాల విరామం. అంటే యంత్రం నిద్రలోకి జారుకునేంత సమయం. కొలతలోంచి వాళ్లు ఏ మొదటి సెట్టును పక్కన పెట్టారో, మా ఆఫీసు పని అంతా ఆ మొదటి సెట్టే.

1984లో వచ్చిన హెచ్‌పీ లేజర్‌జెట్ నిమిషానికి 8 పేజీలు తీసేది, 300 డీపీఐతో. ఇప్పటి యంత్రాలు అందుకు నాలుగైదు రెట్ల వేగంతో పరుగెత్తుతాయి. అయినా ఒక్క పేజీ ఉత్తరం కోసం మనిషి వాటి ముందు చేతులు కట్టుకుని నిలబడే ఉంటున్నాడు.

పాత ప్రింటరు పూర్తిగా చచ్చిపోక ముందే దాని మెనూలోంచి లెక్కల పేజీ ఒకటి తీసి ఉంచాను. అందులో ఇంకో ఆశ్చర్యం దొరికింది. మొత్తం పేజీల్లో సగానికి పైగా కలర్ పేజీలుగా నమోదయ్యాయి. మా ఆఫీసులో కలరు అవసరమైన పనులు నిజానికి తక్కువ. నెలవారీ నివేదికల్లో గ్రాఫులు, డిజైన్ విభాగం వాళ్ల నమూనాలు, అంతే. మరి ఈ కలరంతా ఎక్కడిది? అకౌంట్స్ మేడమ్‌ను అడిగాను. "నేను కలరులో ఏమీ తీయనండీ, అన్నీ నలుపే" అన్నారామె, కొంచెం నొచ్చుకుంటూ. ఆమె ట్రేలోంచి ఒక కాగితం తీసుకుని చూశాను. పేజీనిండా నల్లని అంకెలు. పైన ఎడమ మూలన బొటనవేలి గోరంత మా సంస్థ చిహ్నం, నీలంలో. ఇంకో కాగితం ఈమెయిలు: మొత్తం నలుపే, అడుగున పంపినవారి చిరునామా మాత్రం నీలంలో, కింద గీతతో.

యంత్రానికి గోరంత నీలమైనా కలరే. పేజీకి ఇంత అని లెక్క కట్టే సర్వీసు ఒప్పందంలో ఉంటే, ఆ గోరంతకు పూర్తి కలర్ పేజీ కింద బిల్లు వేస్తారు. ఒప్పందం లేకపోయినా ఖర్చు తప్పదు. కొన్ని యంత్రాల్లో ఆ పేజీ కోసం నాలుగు డ్రమ్ములూ (ఒక్కో రంగు బొమ్మను తయారు చేసే రోలర్లు) తిరుగుతాయి, నాలుగూ అరుగుతాయి. ఒక్క ప్రింటరైనా రాక ముందే మా పరీక్షలో తేలిన మొదటి ఫలితం ఇదీ: ఉత్తరాల నమూనాలో చిహ్నాన్ని నలుపులోకి మార్చాలి. మేనేజరుకు చెబితే, "ప్రింటరు చూడమంటే లెటర్‌హెడ్ మీద పడ్డారేమిటి?" అన్నారు. నవ్వుతూనే అన్నారు లెండి.

తర్వాతి రెండు వారాల్లో మూడు యంత్రాలు ఒకదాని తర్వాత ఒకటి వాడి చూసేందుకు వచ్చాయి. పేర్లు చెప్పను. రంగులతో పిలుస్తాను: నల్లది, తెల్లది, బూడిదది. నల్లదాని వేగం నిమిషానికి 38 పేజీలు, బూడిదదానిది 33, తెల్లదానిది 28. నల్లదాన్ని పెట్టెలోంచి తీయడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. తెచ్చిన సేల్స్ అబ్బాయి, "సార్, ఇది మీ ఆఫీసుకు సరిగ్గా సరిపోతుంది" అన్నాడు. మా ఆఫీసులోకి అతను అడుగుపెట్టి అప్పటికి నాలుగు నిమిషాలు.

అతను తన వెంట తెచ్చుకున్న నమూనా పేజీలు తీసి చూపించాడు: చిలకలు, పండ్ల బుట్ట, నవ్వుతున్న పాప. అవి ఏ ప్రింటరు మీదనైనా అందంగానే వస్తాయి. అందుకే వాటిని తయారు చేశారు. నేను నా ఫైళ్లు ఇచ్చాను. ఒక పేజీ ఉత్తరం. గ్రాఫులతో 22 పేజీల నివేదిక. అకౌంట్స్ వాళ్ల వెడల్పాటి ఎక్సెల్ పట్టిక, అడ్డంగా, లేత బూడిద గళ్లతో, చిన్న అంకెలతో. డిజైన్ విభాగం వాళ్ల పీడీఎఫ్ ఒకటి, పొరల మీద పొరలతో, పారదర్శకమైన నీడలతో, తెరవడానికే కంప్యూటరు మూలిగేది. చివరగా ఒక తెలుగు ప్రకటన: పైన నీలి పట్టీ మీద తెల్ల అక్షరాలు, కింద 8 పాయింట్ల సైజులో షరతులు.

ముందుగా నిద్ర పరీక్ష. రాత్రంతా వదిలేసి ఉదయం మొదటగా ఒక పేజీ ఉత్తరం పంపడం, ఫోనులో స్టాప్‌వాచ్ నొక్కడం. తెల్లది 14 సెకన్లలో పేజీ చేతికిచ్చింది. బూడిదది 21. నల్లది, అదే 38 పేజీల వీరుడు, ముందు ఒక నిట్టూర్పు విడిచి, లోపల ఏవో పళ్లచక్రాలు తిప్పి, తెర మీద 'రంగులు సర్దుతున్నాను' అన్న అర్థంలో ఏదో రాసి, 52 సెకన్లకు పేజీ ఇచ్చింది. మూడు ఉదయాలు కొలిచాను, పెద్ద తేడా రాలేదు. నివేదిక పరీక్షలో మాత్రం అది తన సత్తా చూపింది. 22 పేజీలూ మిగతావాటికన్నా ముందే, టపటపా పేర్చేసింది. అలాంటి పని మాకు రోజుకు రెండో మూడో. ఒక్క పేజీ పని గంటకు మూడో నాలుగో.

నిద్ర సమయాన్ని పెంచుకోవచ్చు కదా అని ఎవరైనా అంటారు. పెంచాను. అప్పుడు అది వెచ్చగా మేలుకునే ఉంటుంది, ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, దాని పక్కన కూర్చునే రిసెప్షన్ అమ్మాయి మధ్యాహ్నానికే, "సార్, దీన్ని కాసేపు ఆపవచ్చా?" అని అడిగింది. లేజర్ ప్రింటరులో కరెంటు ఎక్కువ తాగేది ఫ్యూజరే. టోనరు పొడిని కాగితం మీద కరిగించి అంటించడానికి 200 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో వేడి కావాలి. అందుకే నిద్రలేచే క్షణంలో ఒక్కసారిగా కరెంటు లాగుతుంది. ఒకరోజు ఎవరో ఖాళీ సాకెట్టు కనబడిందని నల్లదాన్ని కంప్యూటర్ల యూపీఎస్‌కు తగిలించారు. అది లేచిన ప్రతిసారీ యూపీఎస్ కీచుమనేది. రెండో కీచుకే పరుగెత్తి ప్లగ్గు పీకేశాను.

అక్షరాల పరీక్షకు భూతద్దం కొన్నాను. ఈ మొత్తం వ్యవహారంలో నాకు నిజంగా సరదా కలిగించిన భాగం ఇదే, అందుకని కొంచెం ఎక్కువ చెబుతాను. కలర్ లేజరులో నాలుగు రంగులు ఉంటాయి: సయాన్, మెజెంటా, పసుపు, నలుపు. పాతకాలం యంత్రాల్లో ఒకే డ్రమ్ము మీద నాలుగుసార్లు తిరిగి ఒక పేజీ తయారయ్యేది, కలర్ వేగం నలుపు వేగంలో పావు వంతే ఉండేది. ఇప్పుడు నాలుగు డ్రమ్ములు వరుసగా నిలబడి, ఒక్క తిరుగుడులోనే నాలుగు రంగులూ అద్దేస్తాయి. వేగం పెరిగింది సరే, నాలుగు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తప్పకుండా పడాలి. తప్పితే ఎక్కడ బయటపడుతుంది? చిలకల బొమ్మలో కనబడదు. నీలి పట్టీ మీద తెల్ల తెలుగు అక్షరాల్లో బయటపడుతుంది.

నీలం అంటే సయాన్ మీద మెజెంటా. మధ్యలో తెల్లగా వదిలేసిన 'స్త్ర' కింద రెండు ఒత్తులు ఉన్నాయి. మెజెంటా కాస్త పక్కకు జరిగితే ఆ ఒత్తుల సన్నని కాళ్లలోకి గులాబీ రంగు పాకుతుంది. ఇంకాస్త జరిగితే ఒత్తు పూడుకుపోతుంది. బూడిదదానిలో సరిగ్గా అదే జరిగింది. మామూలు కంటికి అక్షరం కొంచెం మురికిగా ఉందనిపిస్తుంది, అంతే. భూతద్దంలో చూస్తే తకారపు ఒత్తు సగం మాయం, రావత్తు అంచున గులాబీ నూగు. మెనూలోకి వెళ్లి రంగుల సర్దుబాటు నడిపితే బాగుపడింది. మూడు రోజులకు మళ్లీ జరిగింది. తెల్లదీ నల్లదీ ఈ పరీక్షలో నిలబడ్డాయి. 8 పాయింట్ల షరతుల్లో 'ష'కూ 'ఘ'కూ గుళ్లు తెరుచుకుని ఉన్నాయి. చిన్న తెలుగు అక్షరానికి అంతకుమించి ఏం కావాలి?

నల్ల అక్షరాల్లో ఇంకో చిక్కు కనబడింది. వర్డ్‌లోంచి తీసిన నలుపు అచ్చమైన నలుపుగా వచ్చింది. డిజైన్ వాళ్ల పీడీఎఫ్‌లో నలుపు మాత్రం భూతద్దం కింద నాలుగు రంగుల పొడి కలిసిన నలుపు. చుట్టూ రంగుల పొట్టు. డ్రైవరు (కంప్యూటరు నుంచి ప్రింటరుకు పేజీలు పంపే సాఫ్ట్‌వేరు) అమరికల్లో 'నలుపును నల్ల టోనరుతో మాత్రమే' అనే ఎంపిక వెతికి పట్టుకుంటే అక్షరాలు పదునెక్కాయి, రంగు టోనరు కూడా ఆదా. లేత బూడిద గళ్లకూ అదే మందు.

డ్రైవరు అన్నాను కనుక ఇది కూడా. బూడిదదానికి మొదట వేసిన డ్రైవరుతో తెలుగు ప్రకటన తీస్తే గుడిదీర్ఘాలు తమ అక్షరాల నుంచి విడిపోయి పక్కన నిలబడ్డాయి. ఫాంటును ప్రింటరుకు పంపే తీరులో ఎక్కడో తేడా. పేజీని పోస్ట్‌స్క్రిప్ట్ అనే వేరే ప్రింటరు భాషలో పంపే డ్రైవరు వేస్తే సర్దుకుంది. వేరే దారి లేనప్పుడు పేజీని బొమ్మగా మార్చి పంపే ఎంపిక ఉంటుంది, కాస్త నిదానం కానీ అక్షరాలు చెక్కుచెదరవు. ప్రింటరు చూడబోయే వాళ్లు ఒక తెలుగు పేజీని ఆఫీసులోని ప్రతి కంప్యూటరు నుంచీ పంపి చూడాలి. ఒక్క కంప్యూటరు నుంచి బాగా వచ్చిందని సంబరపడకూడదు.

భూతద్దం చేతిలో ఉన్నంతసేపూ మనిషి ఊరుకోడు. చాలా కలర్ లేజర్ ప్రింటర్లు ప్రతి పేజీ మీదా కంటికి కనబడనంత సన్నని పసుపు చుక్కలు వేస్తాయి. యంత్రం క్రమసంఖ్య లాంటి వివరాలు వాటిలో దాగి ఉంటాయి. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే సంస్థ 2005లో ఒక రకం ప్రింటరు చుక్కల భాషను విప్పి లోకానికి చూపింది. నీలి కాంతిలో అవి నల్లగా కనబడతాయి. నేనూ ఒక నీలి దీపం తెచ్చి ఖాళీ జాగా మీద పట్టుకుని చూశాను. కనబడ్డాయి. ఎంపికకు ఇది పనికొచ్చే సమాచారం కాదు. ఆ మధ్యాహ్నం మాత్రం మా ఆఫీసులో ఎవరూ పని చేయలేదు.

ఇక నా పరాభవం. టోనరు ఎంత ఖర్చవుతుందో తెర మీద చూపే శాతాలను నేను నమ్మలేదు. చాలావాటిలో అది వేసిన చుక్కలను లెక్కపెట్టి కట్టే అంచనా. కాబట్టి కొరియర్ పొట్లాలు తూచే కాటా తెచ్చి, కార్ట్రిడ్జులు తూచి, 300 పేజీలు తీసి, మళ్లీ తూచాను. తెల్లదానిలో బరువు తగ్గింది, లెక్క కుదిరింది. బూడిదదానిలో బరువు తగ్గిన తీరు చూస్తే అది గాలితో ప్రింటు తీస్తోందేమో అనిపించింది. ఎంత పొదుపైన యంత్రం అని ఆ రోజంతా అందరికీ చెప్పాను. మర్నాడు సర్వీసు ఇంజనీరు ఫోనులో విని మర్యాదగా ఊరుకుని, తర్వాత చెప్పారు: దాని కార్ట్రిడ్జులోనే డ్రమ్ము ఉంటుంది, కాగితానికి అంటకుండా మిగిలిన వృథా టోనరు కూడా గీక్కుని ఆ కార్ట్రిడ్జులోనే ఒక అరలోకి చేరుతుంది. నేను తూచింది ఖర్చు కానిదాన్నీ, చెత్తలో చేరినదాన్నీ కలిపి. తెల్లదానిలో చెత్తకు వేరే డబ్బా ఉంది. కాటాను తిరిగి కొరియర్ బల్ల మీద పెట్టేశాను.

ఆ ఫోను వల్ల ఒక మేలు జరిగింది. 'టోనరు' అనే ఒక్క మాటతో సరిపెట్టకూడదని తెలిసింది. ప్రతి యంత్రానికీ అరిగిపోయేవన్నీ ఒక కాగితం మీద రాశాను: నాలుగు టోనర్లు, డ్రమ్ములు, బెల్టు, ఫ్యూజరు, వృథా టోనరు డబ్బా, కాగితం లాగే రబ్బరు రోలర్లు. ఒక్కోటి ఎన్ని పేజీలకు మార్చాలి, ఎవరు మార్చగలరు. డ్రమ్ము ఆయుష్షు దగ్గర మళ్లీ అదే పాత కథ: ఒక్కో పనికి ఒక్క పేజీ చొప్పున తీస్తే ఇన్ని పేజీలు, మూడు చొప్పున తీస్తే ఇన్ని అని కొన్ని కంపెనీలు నిజాయితీగా విడివిడిగా చెబుతాయి. లేచిన ప్రతిసారీ, పడుకునే ముందూ డ్రమ్ము ఊరికే కొన్ని చుట్లు తిరుగుతుంది. మా వాడకం మొదటి రకం. పెద్ద అంకె మాది కాదని కొట్టేశాను. యంత్రంతో పాటు పెట్టెలో వచ్చే టోనర్లు కూడా చాలాసార్లు పూర్తిగా నింపినవి కావు. ఈ ప్రశ్న అడగగానే సేల్స్ అబ్బాయి చిలకల పేజీలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

తర్వాత మనుషుల పరీక్ష. ఒకవైపు వాడిన, అంచులు కాస్త వంగిన కాగితాలు కావాలనే ట్రేలో పెట్టాను, ఎక్కడో ఒకచోట ఇరుక్కోవాలని. ఇరుక్కుంది. ఎవరికీ ఏమీ చెప్పకుండా కుర్చీలో కూర్చుని చూశాను. తెల్లదాని దగ్గర రిసెప్షన్ అమ్మాయి తెర మీద బొమ్మ చూసి, ముందు తలుపు తీసి, ఆకుపచ్చ పిడి తిప్పి, కాగితం లాగేసింది, నిమిషంలోపు. నల్లదాని దగ్గర వెనుక తలుపు తీయాలి. దాని వెనుక గోడ. యంత్రాన్ని జరపాలంటే ఇద్దరు కావాలి. ఒక గుమాస్తా గారు పక్క తలుపుతో కుస్తీ పట్టి, కాగితంలో సగం చింపి బయటికి తీసి, మిగతా సగాన్ని దేవుడికి వదిలేసి వెళ్లిపోయారు.

జీతాల చీట్ల సంగతి అకౌంట్స్ మేడమ్ లేవనెత్తారు. "నేను ఇక్కడ నొక్కి అక్కడికి నడిచేలోపు ఎవరో ఒకరు తీసి చూసేస్తారండీ." పిన్ నొక్కితేనే ప్రింటు వచ్చే ఏర్పాటు మూడింటిలోనూ ఉంది. నల్లదానిలో అందుకు నాలుగు మెనూలు దాటాలి. ఆమె రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారి పాత పద్ధతిలోనే పరుగెత్తారు. తెల్లదానిలో మొదటి తెర మీదే పేరు కనబడుతుంది. ఇదే సందర్భంలో బ్రౌజరులో ప్రింటరు చిరునామా కొట్టి చూస్తే ఒక యంత్రం అడ్మిన్ పేజీ ఏ పాస్‌వర్డూ అడగకుండా తెరుచుకుంది. ప్రింటరు కూడా నెట్‌వర్కులో ఒక కంప్యూటరే అని మేనేజరుకు మళ్లీ ఒక ఉపన్యాసం ఇచ్చాను.

తెల్లదాన్నే ఎంచుకున్నాం. ముగ్గురిలో కాగితం మీద అన్నిటికన్నా నిదానమైనది అదే. డిజైన్ విభాగం ఆమె ఒప్పుకోలేదు. నిండు పేజీ ఫోటోల్లో ముఖాలు కాస్త ఎర్రబడుతున్నాయని ఆమె ఫిర్యాదు, నిజమే. నల్లదానిలో చర్మం రంగు చక్కగా వచ్చింది. మందపాటి కాగితం మీద తెల్లది వేగం సగానికి తగ్గుతుంది, అదీ నిజమే. "మీరు ఉత్తరాల కోసం ప్రింటరు కొంటున్నారు, నా కోసం కాదు" అన్నారామె. ఔను అన్నాను. జాబితాలో ఆమె పనులు వందకు మూడు. ఒకరోజు ఆమె ఇంక్‌జెట్ ఫోటో కాగితం తెచ్చి ట్రేలో పెట్టబోతుంటే మాత్రం గట్టిగా అడ్డుపడ్డాను. దాని మీది పూత ఆ వేడికి కరిగి ఫ్యూజరుకు అంటుకుంటే మళ్లీ ఈ పాట్లన్నీ మొదటి నుంచి పడాలి.

యంత్రం కొన్నాక అమరికలకు ఒక పూట పట్టింది. అందరి కంప్యూటర్లలోనూ నలుపు, రెండువైపులా అనేవి ముందే ఎంచి పెట్టాను, కలరు కావాలంటే ఎంచుకోవాలి. నలుపు పేజీలకు ఈ యంత్రం రంగు డ్రమ్ములను పక్కకు జరిపేస్తుంది, చెవి పెడితే టక్కున ఒక చప్పుడు వినిపిస్తుంది. లెటర్‌హెడ్ చిహ్నం నల్లబడింది. మూడు నెలల తర్వాత లెక్కల పేజీ తీస్తే కలరు వాటా సగం పైనుంచి పావుకు దిగింది.

నేను పరీక్షించకుండా వదిలేసినది ఒకటుంది: పోస్టు కవర్లు. ప్రింటయిన ప్రతి కవరు మూలా మడతపడుతోంది. వెనుక తలుపు తెరిచి, ఫ్యూజరు దగ్గరి చిన్న లివరు కిందికి దించితే ఒత్తిడి తగ్గి కవర్లు నీటుగా వస్తాయి. వారానికోసారి రిసెప్షన్ అమ్మాయి ఆ పని చేస్తుంది. మొన్న చేసి, లివరు మళ్లీ పైకెత్తడం మరిచిపోయింది. మర్నాడు ఉదయం అకౌంట్స్ మేడమ్ నా బల్ల ముందుకు వచ్చి, ఏమీ మాట్లాడకుండా చూపుడువేలు చూపించారు. నల్లగా ఉంది. రెండో చేతిలో ఉన్న కాగితం మీద ఒక వరుస అంకెలు చెరిగిపోయి ఉన్నాయి. అంటని టోనరు. లేచి వెళ్లి వెనుక తలుపు తీశాను.